పేరు లెక్కలోనికి వచ్చిన విధము

నేటి ప్రసంగమునకు విషయము గణితమునకు సంబంధించినది. గణితమనగానే చదువు చాలించి నలువది యేండ్లయినవారికి ఎట్లయిన తప్పించుకొని పోవలెనని తోచుట సహజము. కాని నేను చెప్పబోవు దానిలో కూడికలకు, తీసివేతలకు మించినది యేమియు లేదు. ఉదాహరణములు మన తోటలలోనివే. పైగా ఈ లెక్కలోని యొక పెద్ద చిక్కును విడదీసిన మహనీయుడు బాల్యమున కొంతకాలము మన నూజివీటనే చదువుకొనినవాడు. ఆయన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు. లోకము సి. ఆర్. రావు అని యెరుగును.

ప్రశ్న ఇది. చెట్టు వయస్సు ఒక అంకె. ఇరువది యేండ్ల చెట్టు పదియేండ్ల చెట్టునకు వయస్సులో రెట్టింపు. వేసిన యెరువు తూకము ఒక అంకె, పెట్టిన తడులు ఒక అంకె, కోసిన కాయల బరువు ఒక అంకె. కాని రకము మాటయేమి? బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, తోతాపురి, ఇవి పేర్లు. పేరును హెచ్చింపలేము, భాగింపలేము. అయినను ఏ చెట్టు ఎంత కాయునని చెప్పవలెనన్నచో, దాని వయస్సు అడిగిన నోటితోనే దాని రకమును గూడ అడుగుదుము. అట్టి పేరును లెక్కలో ఏ వేషముతో కూర్చుండబెట్టవలెను?

మొదట తోచు మార్గము వరుససంఖ్య వేయుట. ఇది మనకు క్రొత్త గాదు. ముప్పది యేండ్లకు పైగా హాజరు పిలిచినవాడను. పట్టికలో 12వ సంఖ్య బాలుడు 6వ సంఖ్య బాలునకు దేనిలోను రెట్టింపు గాడని నాకు తెలియును. నక్షత్రములలో అశ్విని 1, రేవతి 27. రేవతి గడచిన మరుక్షణమే అశ్విని; రెండును ఇరుగుపొరుగు. అంకెలను చూచినచో వాని నడుమ 26 దూరము! శని, ఆదివారముల సంగతియు ఇట్టిదే. సంగీత విద్వాంసులు కటపయాది పద్ధతిని మేళకర్త రాగము పేరులోని మొదటి రెండక్షరములనుండి దాని సంఖ్యను తీయుదురు. మాయామాళవగౌళ 15వది, ధీరశంకరాభరణము 29వది. రెండవది మొదటిదానికి ఇంచుమించు రెట్టింపు మధురమని అనువాడు సంగీతమును ఎరుగడు, గణితమును ఎరుగడు. ఈ సంఖ్యలన్నియు అంకెల వేషము వేసికొన్న పేర్లే. వీనితో వెదకవచ్చును, పిలువవచ్చును, వరుసలో పెట్టవచ్చును. కూడరాదు, తీసివేయరాదు, సగటు కట్టరాదు.

కూడినచో ఏమగునో చూతము. ఒక తోటను ఊహింపుడు. అంకెలు నేను కల్పించినవే, లెక్క సులువుగా నుండుటకై. మూడు రకముల చెట్లు సమసంఖ్యలో కలవు. ఒక్కొక్క చెట్టు సగటున బంగినపల్లి 100 కిలోలు, చిన్నరసము 50 కిలోలు, తోతాపురి 120 కిలోలు కాసినదనుకొందము. ప్రతిగమనమని యొక లెక్క కలదు. ఒక రాశి మారిన కొలది వేరొక రాశి ఎంత మారునో చూపు గీతను, తప్పులు వీలయినంత తక్కువగు నట్లు గీయుటయే అది. బంగినపల్లికి 1, చిన్నరసమునకు 2, తోతాపురికి 3 అని సంఖ్యలు వేసి ఆ గీతను గీసినచో, అది ఒక్కొక్క మెట్టునకు 10 కిలోలు పెరుగునని చెప్పి, మూడు రకములకు 80, 90, 100 కిలోలు కట్టును. 50 కిలోలు కాసిన చిన్నరసమునకు 90 వ్రాసినది! ఇప్పుడు వరుస మార్చి చిన్నరసము 1, బంగినపల్లి 2, తోతాపురి 3 అనుడు. మెట్టునకు 35 కిలోల చొప్పున 55, 90, 125 వచ్చును. నిజమునకు కొంత చేరువ. మరల మార్చి బంగినపల్లి 1, తోతాపురి 2, చిన్నరసము 3 అనుడు. ఈ మారు గీత క్రిందికి దిగును. మెట్టునకు 25 తగ్గుచు 115, 90, 65 అనును. చెట్లు అవియే, కాయలు అవియే, కాటా అదియే. గుమాస్తా పేర్లు వ్రాసిన వరుస మారినందున తీర్పు మూడు విధములాయెను. ఇట్టి తీర్పును ఏ పంచాయతీలోనైన ఒప్పుకొందురా?

ఈ ప్రతిగమన విద్య పుట్టినది నక్షత్రగణితమునందు. తప్పుల వర్గముల మొత్తమును కనిష్ఠము చేయు పద్ధతిని ఫ్రాన్సు దేశీయుడు లెజాండ్రు 1805లోను, జర్మను దేశీయుడు గౌసు 1809లోను ప్రకటించిరి. వారికి పేర్లతో పనిలేదు. కోణములు, కాలము, దూరము, అన్నియు కొలతలే. పేరు లెక్కలోనికి చొరబడినది ఆ విద్య ఆకాశమునుండి దిగి మనుష్యుల దగ్గరకు, పొలముల దగ్గరకు వచ్చిన తరువాతనే. 1886లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ గాల్టను తల్లిదండ్రుల యెత్తునకును బిడ్డల యెత్తునకును గల సంబంధమును పరిశీలించెను. ప్రతిగమనమను పేరు అక్కడనుండి వచ్చినదే. ఆయనకు ఒక అడ్డు తగిలెను: స్త్రీల యెత్తును పురుషుల యెత్తుతో కలిపి కొలుచుట ఎట్లు? ఆయన స్త్రీల యెత్తునెల్ల 1.08చే హెచ్చించి పురుషుల యెత్తుతో సమానము చేసికొనెను. స్త్రీ, పురుషుడు అనునవి పేర్లు. వానికి లెక్కలో చోటు చూపలేక, లెక్క మొదలు పెట్టకమునుపే వానిని చెరిపివేసెనన్నమాట. ఉపాయమే గాని, పరిష్కారము గాదు.

మన దేశమున ఈ పేర్ల సమస్య ఎరువులతోను దుంపలతోను ఆగలేదు. 1901 జనాభా లెక్కలకు అధిపతి హర్బర్టు రిస్లీ. ఆయన జాతులను, కులములను సాంఘిక గౌరవమును బట్టి వరుసలో నిలుపవలెనని పూనుకొనెను. అంతకుముందే మనుష్యుల ముక్కుల పొడవు వెడల్పులు కొలిపించి, ముక్కు వెడల్పునుబట్టి కులమున హెచ్చుతగ్గులు తెలియునని వాదించినవాడాయన. కులము పేరు. దానికి వరుససంఖ్య వేయుటయనగా ఒకని పై నొకని కూర్చుండబెట్టుట. మామిడికి 1, 2, 3 వేసినచో చెట్లు మొరపెట్టవు. మనుష్యులకు వేసినపుడు దేశము నలుమూలలనుండి కులసంఘములు అర్జీలు పెట్టుకొనినవి. మమ్ము దిగువ వ్రాసితిరి, ఎగువ వ్రాయుడని. వరుసయే తప్పనిన వారికంటె వరుసలో తమ స్థానము తప్పనినవారు ఎక్కువమంది కనబడుదురు. అంకెకు అంత మహిమ కలదు. కాగితముపై పడినచో అది కొలచి వ్రాసినదో, ఊహించి వ్రాసినదో అడుగువారు అరుదు.

రిస్లీ కొలతలను 1933లో కలకత్తాయందు ప్రశాంతచంద్ర మహలనోబిస్ మరల పరిశీలించెను. 1931లో భారత సాంఖ్యక సంస్థను నెలకొల్పిన వాడాయనయే. ఆ సంస్థ 1933లో వెలువరింప నారంభించిన పత్రికకు ‘సాంఖ్య’ అని పేరు. సంఖ్య యనగా అంకె యని మాత్రమే కాక చక్కగా తెలియుట యనియు అర్థము కలదని సంస్కృతము చదివినవారెరుగుదురు. పేరు పెట్టిన వానికి శబ్దశక్తి తెలియును. మహలనోబిస్ 1936లో స్థిరపరచిన పద్ధతి వరుసను అడుగదు. రెండు సమూహముల నడుమ దూరమెంత యని మాత్రమే అడుగును. నూజివీటినుండి బెజవాడకెంతో బెజవాడనుండి నూజివీటికంతే గదా. దూరమునకు పైన లేదు, క్రింద లేదు. 1941లో సంయుక్తరాష్ట్రములందు, అనగా నేటి ఉత్తరప్రదేశ ప్రాంతమున, తీసిన శరీరమానములను మహలనోబిస్, మజుందార్, మన రాధాకృష్ణ రావు మువ్వురును ఈ పద్ధతినే విచారించి 1949లో ప్రకటించిరి.

ఇక పొలముల సంగతి. ఇంగ్లండునందలి రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రమున 1919లో రోనాల్డ్ ఫిషర్ ఉద్యోగమున చేరెను. అక్కడ ఏండ్ల తరబడి పోగుపడిన పంటలెక్కలు ఆయన చేతికి వచ్చినవి. 1923లో మెకంజీతో కూడి ఆయన ప్రకటించిన యొక పరిశోధనలో పన్నెండు రకముల బంగాళాదుంపలు కలవు. కొన్ని మడులకు పశువుల యెరువు వేసిరి, కొన్నిటికి వేయలేదు. పొటాషు ఎరువులను గూడ మార్చి మార్చి చూచిరి. అన్నియు పేర్లే! ఫిషర్ ఆ పేర్లకు వరుససంఖ్యలు వేయలేదు. ఏ రకము తెచ్చిన పాలు ఆ రకమునకే వేరుగ నుంచి, మొత్తము హెచ్చుతగ్గులలో రకముల వలన కలిగినదెంత, ఎరువుల వలన కలిగినదెంత, కారణము తెలియక మిగిలినదెంత యని పంచిపెట్టెను. దీనికి విస్తృతి విశ్లేషణమని పేరు. అన్నదమ్ములు ఆస్తి పంచుకొను నప్పటి లెక్క వంటిది. భాగములన్నియు కూడిన మరల మొత్తము రావలెను.

ఈ పంపకమునే ప్రతిగమన సమీకరణములో వ్రాయవలెనన్నచో పేరునకు తగిన వేషము కావలసివచ్చెను. అది మిక్కిలి సులభమైనది. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క గడి గీయుడు. చెట్టు ఆ రకమునదైనచో 1, కానిచో 0. అనగా ‘ఔను’, ‘కాదు’. ఇంతే. ఇచట 1 అనునది పెద్ద గాదు, 0 అనునది చిన్న గాదు, భావము, అభావము. తర్కశాస్త్రము చదివినవారు అభావమనగానే దేని యభావమని అడుగుదురు. దానికి ప్రతియోగి యొకటి యుండవలెను. ఈ లెక్కలోను ఆ ప్రశ్నయే ప్రాణము. బంగినపల్లిని పీఠముగా నుంచి, చిన్నరసమున కొక గడి, తోతాపురికి ఒక గడి గీసినామనుకొందము. రెండు గడులలోను 0 గల చెట్టు బంగినపల్లి. అప్పుడు లెక్క యిట్లు చెప్పును: పీఠము 100, చిన్నరసము −50, తోతాపురి +20. చిన్నరసము −50 అనగా చెట్టు నష్టము తెచ్చినదని కాదు. బంగినపల్లి కంటె 50 కిలోలు తక్కువ కాసినదని మాత్రమే. చిన్నరసమును పీఠమెక్కించినచో పీఠము 50, బంగినపల్లి +50, తోతాపురి +70 యని వచ్చును. తోతాపురి పీఠమైనచో తక్కిన రెండును ఋణమగును. ఏ పీఠమైనను తోతాపురికి చిన్నరసమునకు నడుమ భేదము 70యే. వరుససంఖ్య మార్చినపుడు తీర్పు మారినది. పీఠము మార్చినపుడు మాట మారినదే గాని తీర్పు మారలేదు.

ఎవరిని పీఠమెక్కింపక అందరి సగటునుండి కొలుచు పద్ధతియు కలదు. మూటి సగటు 90. బంగినపల్లి +10, చిన్నరసము −40, తోతాపురి +30, కూడిన సున్న. ఏ రకమును కొలబద్దగా మోయింపదు గనుక నాకీ పద్ధతి ఇష్టము. (తూకములో చిన్నరసము తక్కువయైనంత మాత్రమున దానిని తక్కువ చేయుటకు నాకు మనసొప్పదు. నోటికి అందు రసమును కాటా ఎరుగదు.)

ఇచట ఛందస్సు చదువుకొనినవా రొక ప్రశ్న వేయవచ్చును. మూడక్షరముల గణములు ఎనిమిది. గురువునకు 1, లఘువునకు 0 వ్రాసినచో మగణము 1 1 1, నగణము 0 0 0, భగణము 1 0 0, జగణము 0 1 0, సగణము 0 0 1. పింగళుని ప్రస్తారము ఇదియే గదా. ఎనిమిది పేర్లు మూడు గడులలో ఇమిడినవి. అట్లుండగా ఎనిమిది రకముల మామిడికి ఏడు గడులెందుకు, మూడు చాలవా? మంచి ప్రశ్న. పేరు పెట్టి పిలుచుటకు మూడు చాలును. మాత్రలు లెక్కించుటకును చాలును. గణమునందు గురువు ఎచట నున్నను ఒక మాత్రనే యధికముగ తెచ్చును గనుక, మూటికి గురువుల సంఖ్యను కూడిన మాత్రలు వచ్చును. మగణమునకు ఆరు, నగణమునకు మూడు, భ, జ, స గణములకు నాలుగేసి. సరిపోయినది. కాని గణఫలములను తీసికొనుడు. భగణమునకు చంద్రు డధిదేవత, కీర్తి ఫలమనిరి. జగణమునకు సూర్యుడు, రోగము ఫలమనిరి. ఆ నమ్మకము ఎట్టిదైనను, ఫలములు గణము గణమునకు వేరు. మూడు గడులతోనే సరిపెట్టినచో న, భ, జ గణముల ఫలములు తెలియగానే, 1 1 0 అగు తగణమునకు ఏమి ఫలమో దానిని అడుగకమునుపే నిర్ణయమైపోవును. గడులు తక్కువయైన కొలది చెట్టు నోట మన మాటలు పెట్టుటయే. అందుచేత ఎనిమిది పేర్లకు ఏడు గడులు, ఒక పీఠము.

మరి ఎనిమిదికి ఎనిమిది గడులును గీసి, పీఠమును గూడ ఉంచినచో? అసలు చిక్కు ఇచటనే. మన మూడు రకముల తోటకే వత్తము. మూడు గడులు గీసి ఒక స్థిరపదమును గూడ ఉంచితిమి. ప్రతి చెట్టును ఏదో ఒక రకమునదే గనుక మూడు గడులు కూడిన ప్రతి వరుసయందును 1 వచ్చును. స్థిరపదపు గడిలోను ప్రతి వరుసయందు 1యే. అనగా ఒకే సంగతిని రెండు మారులు చెప్పితిమి. కావ్యమున దీనిని పునరుక్తిదోష మందురు. చదువరికి విసుగు కలిగించునేగాని అర్థమును చెరుపదు. గణితమున అర్థమునే చెరుపును. స్థిరపదము 0, రకములు 100, 50, 120 అనవచ్చును. స్థిరపదము 90, రకములు 10, −40, 30 అనవచ్చును. స్థిరపదము 1000, రకములు −900, −950, −880 అన్నను కాటా కాదనజాలదు! సమాధానము లనంతములు. అట్టిచోట సమీకరణములు విడదీయుటకు కావలసిన విలోమ మాత్రిక లేనేలేదు. సున్నతో భాగింపబోయినట్లు లెక్క నిలిచిపోవును.

ఈ చిక్కు దగ్గర మన రావుగారు ప్రవేశించిరి. వారు 1920 సెప్టెంబరు 10న నాటి బళ్ళారి జిల్లా హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి, ఊరూర బదిలీలు. అందుచే బాలుని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణము అని తిరిగినది. ఎనిమిదవ సంతానమగుటచే కృష్ణుని పేరు పెట్టిరి. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేపి నూనెదీపము వెలిగించి చదువునకు కూర్చుండబెట్టెడివారని, తన జ్ఞానతృష్ణకు ఆమెయే కారణమని, పిమ్మట ఆయన తన గ్రంథమొకటి ఆమెకు అంకితమిచ్చుచు వ్రాసికొనిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున పట్టము పొంది, యుద్ధకాలమున ఉద్యోగము వెదకుచు కలకత్తా చేరి, 1941 జనవరి 1న మహలనోబిస్ సంస్థలో చేరిరి. ఉద్యోగము దొరకకపోవుట ఒక్కొక్కప్పుడు దేశమునకు మేలు. 1946లో వారిని కేంబ్రిడ్జికి పంపిరి. సూడాను దేశమున జెబెల్ మోయా అనుచోట త్రవ్విన ప్రాచీన మానవుల యెముకలను కొలతలనుబట్టి విచారించుట పని. అక్కడనే ఫిషర్ వద్ద శిష్యరికము చేసి 1948లో డాక్టరు పట్టము పొందిరి. రోథమ్‌స్టెడ్ దుంపల లెక్కయు, కలకత్తా మనుష్యుల కొలతలును ఆయన యొక్కనిలో కలిసినవి.

అనంతములగు సమాధానములలో ఏది నిజమని అడుగుట తప్పు ప్రశ్నయని కలకత్తాలోనే 1944లో రాజచంద్ర బోస్ చూపియుండెను. ఏ సమాధానము తీసికొనినను మారనిది ఏది యని అడుగవలెను. పైన చెప్పిన మూడు సమాధానములను చూడుడు. తోతాపురినుండి చిన్నరసమును తీసివేయుడు: 120 లోనుండి 50 పోగా 70, 30 లోనుండి −40 పోగా 70, −880 లోనుండి −950 పోగా 70. భేదము నిలిచినది. తోటకు అడుగదగిన ప్రశ్న అది. ‘తోతాపురి యొక్క సొంత విలువ యెంత?’ అను ప్రశ్నకు, స్థిరపదము నుంచుకొని మూడు గడులును గీసిన లెక్కలో సమాధానమే లేదు; తెలివి చాలక కాదు, ప్రశ్నయే నిలువదు గనుక.

ఇది తెలిసినను లెక్క చేయువానికి పని మిగిలియుండెను. విలోమము లేని మాత్రికతో కాగితముపై లెక్క సాగించుట ఎట్లు? మా చిన్న ఉదాహరణమున ఒక గడి కొట్టివేసిన చాలును. కాని పది విధముల పేర్లు ఒకదానితో నొకటి పెనవేసికొని, ఒక్కొక్క చోట ఒక్కొక్క సంఖ్యలో చెట్లున్నపుడు ఏ గడి కొట్టవలెనో కంటికి తెలియదు. రావుగారు 1955లో ‘సాంఖ్య’ పత్రికలో, అసమసంఖ్యలో పంచబడిన బహువర్గముల లెక్కను గురించి వ్రాయుచు, విలోమము లేనిచోట విలోమము వలె పనిచేయు మాత్రిక నొకదానిని కట్టి చూపిరి. అదే యేట ఇంగ్లండున పెన్‌రోజ్ వేరుగ నిట్టి వస్తువునే ప్రకటించెను. అంతకు చాలకాలము క్రిందట 1920లో అమెరికాలో మూర్ సూచించియుండెను. వారి విలోమము ప్రతి మాత్రికకు ఒక్కటియే. 1962లో రావుగారు మరియొక యడుగు వేసి, ఈ లెక్కకు ఆ యేకత్వము అక్కరలేదనిరి. ఒక స్వల్ప నియమము చెల్లించు ఏ విలోమమైనను చాలును; సమాధానములు వేరువేరుగ రానిండు, అడుగదగిన భేదములు మాత్రము ఒక్కటే వచ్చును. దీనికి సాధారణీకృత విలోమమని పేరు. 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి దీనిపై పూర్తి గ్రంథమే వ్రాసిరి. నాకు ఇందు నచ్చినది ఆయన నిబ్బరము. తక్కినవారు సమాధానము ఒక్కటిగా నుండవలెనని తపించిరి. ఆయన అనేకములను ఉండనిచ్చి వానిలోని సారము నేరుకొనెను.

0, 1 గడులకు ఆర్థికశాస్త్రజ్ఞులలో విశేష ప్రచారము కలిగించినది అమెరికా దేశీయుడు డానియల్ సూట్స్ 1957లో వ్రాసిన వ్యాసము. వారు వానిని డమ్మీ చలరాశులనిరి. ఎక్కువ గడి గీసి చిక్కుకొనుటను డమ్మీల ఉచ్చు అందురు. పేకాటలో డమ్మీ కూర్చుండును గాని ఆడదు. ఈ డమ్మీ అట్లు గాదు, నిజముగ లెక్కను నడుపును. పేరు సరిగా అతుకలేదని నా అభిప్రాయము.

గ్రామపెద్దలకు దీనితో పనియేమి యందురా? ఉద్యానశాఖ వారో, బ్యాంకు వారో, బీమా వారో మన మండలముల లెక్కలు కట్టి పట్టిక తెచ్చినపుడు, ‘చిన్నరసము −50’ అని చూచి తోట కొట్టివేయు తొందరగలవారు కలరు. మొదట ‘దేనికంటె?’ అని అడుగుడు. పిమ్మట ‘చెట్ల వయస్సు లెక్కలోనికి తీసికొంటిరా?’ అని అడుగుడు. తోతాపురి చెట్లు ముప్పది యేండ్లవై, చిన్నరసములు పండ్రెండేండ్ల పడుచు చెట్లైనచో 70 కిలోల భేదములో వయస్సు పాలు కొంత యుండును. వయస్సున కొక గడి, రకముల గడులు ఒకే సమీకరణమున ఉంచినచో లెక్క రెంటిని విడదీయును. అందుకు ప్రతి రకములోను ముసలి చెట్లును, లేత చెట్లును కొన్ని యుండవలెను. ముసలివన్నియు ఒక రకము, లేతవన్నియు వేరొక రకము అయినచో ఏ యంత్రమును ఏ విలోమమును వానిని వేరుచేయజాలదు. మరల ఆ పునరుక్తియే, వేరు వేషమున.

మొదటి తరగతి, రెండవ తరగతి, మూడవ తరగతి పండ్లని మండీలో చేయు విభాగము కొంత వేరు. అచట వరుస నిజమే. కాని మొదటికి రెండవకు గల యెడమే రెండవకు మూడవకు కలదని చెప్పలేము. రయత్వారీ గ్రామములలో భూమికి తరములు కట్టినపుడు సెటిల్మెంటు వారు ఈ మెలకువ చూపిరి. తరము సంఖ్యతో శిస్తును హెచ్చింపలేదు. ఏ తరమునకు ఎకరమునకెంత రేటో రూపాయలలో వేరుగ వ్రాసిరి. అదియొక విధముగ ఈ గడుల పద్ధతియే.

రావుగారు 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము నందుకొని, ఆ యేడు ఆగస్టు 22న అమెరికాలోని బఫెలో నగరమున నూట రెండేండ్ల వయస్సున కన్నుమూసిరి. వారు చేతితో కట్టిన లెక్కలను నేడు కంప్యూటరులు నిమేషమున కట్టుచున్నవి. ఎక్కువ గడి గీసినచో అందులో నొకదానిని యంత్రమే తీసివేయును. పీఠమును మనము చెప్పనిచో తానే యెన్నుకొనును; వానిలో కొన్నిటికి మంచిచెడ్డలు తెలియవు గనుక ఇంగ్లీషు అక్షరక్రమమున మొదట వచ్చు పేరును పీఠ మెక్కించును. బంగినపల్లి ‘బి’, చిన్నరసము ‘సి’, తోతాపురి ‘టి’. కనుక అట్టి యంత్రముపై కట్టిన మన ప్రాంతపు పట్టికలలో బంగినపల్లి కొలబద్దగా కనబడినచో అది దాని ఘనత వలననే యని యనుకొనరాదు. నూజివీటి చిన్నరసము ఆ స్థానమున నుండవలెనన్నచో, లెక్క కట్టు పిల్లవానితో ముందుగా ఒక మాట చెప్పవలసియుండును.